ఎడారి జంతువుల మీద పరిశోధన చేస్తానంటోంది, పంపమంటారా?

ప్రశ్న: మా అమ్మాయి శ్రీకాకుళంలో బీఎస్సీ జువాలజీ రెండో ఏడు చదువుతోంది. రాజస్థాన్ వెళ్లి ఎడారి జంతువుల మీద పరిశోధన చేస్తానంటోంది. ఆ ఇసకలో ఏముంటుందండీ? ఉద్యోగం వస్తుందా? ఆడపిల్లని అంత దూరం పంపాలంటే టెన్షన్‌గా ఉంది. (ఒక తండ్రి, టెక్కలి)

జవాబు: అక్కడ చాలా ఉందండీ. రాజస్థాన్‌లోని థార్ ఎడారిలో ఉన్నంత జనం ప్రపంచంలో ఏ ఎడారిలోనూ కనబడటం అరుదు. జైసల్మేర్ దగ్గరి డెజర్ట్ నేషనల్ పార్క్ 3,162 చదరపు కిలోమీటర్లు. అందులో ఊళ్లున్నాయి, గొర్రెల మందలున్నాయి, వాటి మధ్యే బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) బతుకుతోంది. ఈ పిట్టలు ఇప్పుడు రెండు వందల లోపే మిగిలాయి. మన నంద్యాల జిల్లా రోళ్లపాడు అభయారణ్యం పెట్టింది కూడా దీనికోసమే.

మగపిట్ట 15 కిలోల దాకా తూగుతుంది. ఆడపిట్ట గూడు కట్టకుండా వట్టి నేల మీద, ఎక్కువగా ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది. కళ్లు తలకు పక్కలనుండటం వల్ల ఎదురుగా ఉన్న కరెంటు తీగ సరిగా ఆనదు. ఆనేసరికి అంత బరువుతో పక్కకు తప్పుకోలేక, తీగకు తగిలి చనిపోతుంది. ఊరకుక్కల బెడద వేరే. గుడ్డు ఎక్కడుందో, కుక్కలు ఎటు తిరుగుతున్నాయో రోజూ మంద తోలుకెళ్లే కాపరికే ముందు తెలుస్తుంది. అందుకే ఈ పనిలో సగం బైనాక్యులర్స్‌తో, సగం మనుషులతో. దేవుడి పేరున వదిలేసిన మేతభూములు అక్కడ ఉన్నాయి, ఓరణ్ అంటారు. దసరాకి మనం పూజించే జమ్మి అక్కడ మేకలకు మేత, మనుషులకు కూర. 1730లో జోధ్‌పూర్ దగ్గరి ఖేజర్లీ ఊళ్లో ఆ చెట్లను నరకనివ్వకుండా 363 మంది బిష్ణోయీలు ప్రాణాలిచ్చారు.

అమ్మాయికి ఈ పని నప్పుతుందో లేదో మీ ఊరి దగ్గరే తేలుతుంది. పెలికాన్లు వచ్చే కాలంలో తేలినీలాపురం పంపండి. గూళ్లు లెక్కపెట్టి, తేదీలతో నోట్‌బుక్ రాయమనండి. ఆ తర్వాత ఉద్దానం. ఎలుగుబంటి భయంతో జీడితోటకు వెళ్లలేని రైతు చెప్పేది ఓపిగ్గా విని రాసుకోగలిగితే, థార్ కాపరి దగ్గరా కూర్చోగలదు. వినే ఓపిక లేకపోతే మాత్రం ఈ దారి వద్దంటాను.

డిగ్రీ అయ్యాక డెహ్రాడూన్‌లో వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా ఎంఎస్సీ, లేదా బెంగళూరు ఎన్‌సీబీఎస్ (నేషనల్ సెంటర్ ఫర్ బయలాజికల్ సైన్సెస్) ఎంఎస్సీ. సీట్లు చాలా తక్కువ, ఎంట్రన్స్ ఉంటుంది. స్టాటిస్టిక్స్ ఇప్పుడే మొదలుపెట్టమనండి, జువాలజీ పిల్లలు ఎక్కువగా తడబడేది అక్కడే. జువాలజీ డిగ్రీతో ఫారెస్ట్ సర్వీస్ పరీక్ష కూడా రాయొచ్చు కానీ, రాజస్థాన్ కేడరే వస్తుందన్న భరోసా లేదు.

జీతం సంగతి దాచకుండా చెబుతాను. మొదట్లో దొరికేవి ప్రాజెక్టు ఉద్యోగాలే, ప్రాజెక్టు అయిపోతే మళ్లీ వెతుక్కోవాలి. నెట్ పరీక్షతో జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు 37,000, పైన ఇంటి అద్దె. ఇంట్లో అప్పులుండి వెంటనే ఆదాయం కావాలనుకుంటే, ముందు ఒక స్థిరమైన ఉద్యోగం చూసుకోవడం మంచిది.

భద్రత గురించి చేరేముందే సూటిగా అడగండి: బస ఎక్కడ, ఫీల్డుకి ఎవరితో వెళ్తుంది, వాహనం ఉందా, టీమ్‌లో ఇంకా ఆడపిల్లలున్నారా. సరైన జవాబు రాకపోతే చేర్చొద్దు. హిందీ ఈ ఏడాదే నేర్పించండి. ఒక శీతాకాలం సెలవుల్లో మీరే వెంటబెట్టుకుని జైసల్మేర్ తీసుకెళ్లండి, ఇద్దరూ కళ్లారా చూశాక నిర్ణయించుకోండి.