మతిమరుపు జబ్బు రాకుండా: ఆక్రోట్ల కంటే ముందు బీపీ, చెవులు

మీకు 48 ఏళ్లు, నాన్నగారికి డిమెన్షియా. రోజూ ఆక్రోట్లు తిని సుడోకు ఆడితే మీకు రాకుండా ఉంటుందా అని అడిగారు. రెండింటి వల్లా నష్టం లేదు గానీ, మీ వయసులో చేయాల్సిన పనుల్లో అవి చిట్టచివర వస్తాయి. 2024లో లాన్సెట్ కమిషన్ (లాన్సెట్ అనే వైద్య పత్రిక ఏర్పాటు చేసిన నిపుణుల బృందం) డిమెన్షియాకు దారితీసే 14 కారణాలను గుర్తించి, అన్నిటినీ సరిదిద్దగలిగితే ప్రపంచంలో దాదాపు 45 శాతం కేసులు ఆగుతాయి లేదా ఆలస్యమవుతాయని లెక్కగట్టింది. అది జనాభా మొత్తానికి వేసిన లెక్క, ఒక మనిషికి ఇచ్చే హామీ కాదు.

ముందు బీపీ చూడండి. నడివయసులో పెరిగిన బీపీ మెదడులోని సన్నని రక్తనాళాలను ఏళ్ల తరబడి పాడుచేస్తుంది, పైకి ఏమీ తెలియదు. ఇంట్లో కొలిచేటప్పుడు అరగంట ముందు నుంచి కాఫీ, సిగరెట్ వద్దు. మూత్రానికి వెళ్లొచ్చి, వీపు ఆనించి, కాళ్లు నేలకు పెట్టి ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోండి. పట్టీని చొక్కా మీద కాదు, చర్మం మీదే చుట్టాలి. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. లావు చేతికి చిన్న పట్టీ కడితే బీపీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. నిమిషం తేడాతో రెండుసార్లు, పొద్దునా సాయంత్రం, వారం రోజులు రాసి, మొదటి రోజు అంకెలు వదిలేసి సగటు తీయండి. 135/85 దాటితే డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే. చాలామంది నార్మల్ రాగానే మాత్ర ఆపేస్తారు. నార్మల్ వచ్చిందే మాత్ర వల్ల! ఉప్పు రోజుకు 5 గ్రాముల లోపు, అంటే ఒక టీస్పూన్. ఆవకాయ, అప్పడాలు, వడియాల్లోని ఉప్పూ అందులోదే.

తర్వాత చెవులు. వినికిడి తగ్గిన మనిషి మాటలు అర్థం చేసుకోవడానికే అలసిపోయి, మెల్లగా నలుగురిలోకి రావడం మానేస్తాడు. టీవీ సౌండ్ పెంచమంటున్నారని ఇంట్లోవాళ్లు విసుక్కుంటుంటే ఆడియోమెట్రీ (వినికిడి పరీక్ష) చేయించండి. వినికిడి మిషన్ కొన్నాక అది బీరువాలో మూలపడటమే అసలు సమస్య. మొదట్లో ఫ్యాను, గిన్నెల చప్పుడు కూడా భరించలేనంతగా వినిపిస్తాయి కాబట్టి, నిశ్శబ్దమైన గదిలో రోజుకు గంట రెండు గంటలతో మొదలుపెట్టి పెంచాలి. మిషన్ ఈల వేస్తుంటే చెవిలో పెట్టే ముక్క వదులుగా ఉందనో, గుబిలి అడ్డుందనో అర్థం. మిషన్‌లో వేసే చిన్న జింక్ బ్యాటరీ స్టిక్కర్ తీశాక ఒక నిమిషం గాలి తగలనిచ్చి వేయండి.

షుగర్, ఎల్‌డీఎల్ (చెడు) కొలెస్ట్రాల్ అదుపులో ఉండాలని మీకు తెలిసే ఉంటుంది. ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వాడేవాళ్లకూ, శాకాహారులకూ బీ12 విటమిన్ తగ్గే ప్రమాదం ఉంది. దాని లోపం, థైరాయిడ్ లోపం రెండూ మతిమరుపు తెస్తాయి, రెండిటికీ మందుంది. నిద్ర పట్టడం లేదని పెద్దవాళ్లకు అవిల్ లాంటి ఎలర్జీ మాత్రలు అలవాటు చేయకండి, ఆలోచన మసకబారుతుంది. జ్ఞాపకశక్తి మాత్రల జోలికీ పోవద్దు: జింకో అనే చెట్టు ఆకుల సారాన్ని అమెరికాలో 3,000 మందికి పైగా వృద్ధుల మీద ఏళ్లపాటు పరీక్షిస్తే డిమెన్షియా తగ్గలేదు.

నడక వారానికి 150 నిమిషాలు. మాట్లాడగలగాలి, పాడలేకపోవాలి, అంత వేగం చాలు. వారంలో రెండు రోజులు చేతుల ఊతం లేకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోండి. బండి వెనక కూర్చున్నవాళ్లకూ హెల్మెట్ పెట్టండి. తలకు దెబ్బ ఆ 14 కారణాల్లో ఒకటి, మన దగ్గర ఎవరూ దీన్ని లెక్కలోకి తీసుకోరు.

సుడోకు ఆడితే సుడోకు బాగా వస్తుంది, అంతే. దాని బదులు మనుషులతో కలిసి ఏదైనా కొత్తది నేర్చుకోండి. హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో వెలువరించిన అధ్యయనంలో, ఒకటికి మించి భాషలు మాట్లాడేవాళ్లలో లక్షణాలు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలయ్యాయి, చదువు లేనివాళ్లలో కూడా. భాషలే కారణమని దాన్నిబట్టి తేల్చేయలేం, కానీ ఈ వయసులో కొత్త భాష మొదలుపెడితే పోయేదేమీ లేదు.

నాన్నగారికి ఏ వయసులో మొదలైందో మీరు రాయలేదు. 60 లోపే అయి, ఆయన తోబుట్టువుల్లోనో తల్లిదండ్రుల్లోనో ఇంకెవరికైనా అంత చిన్న వయసులోనే వచ్చి ఉంటే, ఆ సంగతి న్యూరాలజిస్ట్‌కు విడిగా చెప్పండి. అలాంటి కుటుంబాలకు జన్యు పరీక్ష గురించి మాట్లాడాల్సి రావచ్చు.