ఆ కోటు అంచు దగ్గర ఆగు

అమ్మాయికి,

మీ దంపతుల ఇటలీలోని మిలాన్ యాత్ర మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి విసుగొచ్చింది. పద్నాలుగు పేజీల్లో ‘వర్ణనాతీతం’ అన్న మాట తొమ్మిది చోట్ల ఉంది. డ్యువోమో చర్చి వర్ణనాతీతం, గాలరీ అనే ఆ దుకాణాల వీధి మీది అద్దాల కప్పు వర్ణనాతీతం, మోంటెనపొలియోనె వీధిలో ఆడవాళ్ళ నడక వర్ణనాతీతం. వర్ణించడానికే కదమ్మా కలం పట్టుకున్నావు!

రెండోసారి పదకొండో పేజీలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. స్పీగా వీధిలో మీ ఆయన ఒక షాపు అద్దం ముందు వంగి, ‘ఈ కోటు అంచు మిషన్ కుట్టు కాదు, చేత్తో చేసిన హెమ్మింగ్. మా అమ్మ చీరలకి ఫాల్స్ ఇలాగే కుట్టేది’ అన్నాడని రాశావు. ఆ వెంటనే ‘తర్వాత ట్రామ్ ఎక్కి కాలువల దగ్గరికి వెళ్ళాం’ అన్నావు. అంత మాట విని అక్కణ్ణించి ఎలా కదిలావు?

నేను దర్జీ కూతుర్ని. చిన్నప్పుడు నాన్న మిషన్ పక్కన పీట వేసుకుని కాజాలు కుట్టాను. తిరగేసి లోపలి వైపు చూడందే కుట్టు మంచిదని అనకూడదనేవాడు నాన్న. నాకు రాత నేర్పింది కూడా ఆ మాటే. నువ్వు ఒక పేరాలో ప్రాడా, వెర్సాచీ, అర్మానీ అంటూ పదకొండు ఫ్యాషన్ కంపెనీల పేర్లు పేర్చావు. ఒక్క కోటు రంగైనా నాకు కనబడలేదు. ఉన్నిదా, పట్టుదా? భుజం మీద నిలబడిందా, జారిందా? తొడుక్కున్న మనిషి నడుస్తుంటే మడత ఎటు పడింది? పేరు చెబితే బట్ట కనబడదు.

చర్చి 1386లో మొదలైందనీ, పైనున్న బంగారు మేరీమాత దాకా 108.5 మీటర్లనీ రాశావు. నిజమే, కానీ అది గైడ్ కూడా చెబుతాడు. గాలరీ నేల మీది ఎద్దు బొమ్మపై మడమ ఆనించి గిర్రున తిరిగానన్నావు. ఎన్ని మడమలు తిరిగాయో, అక్కడ గుంట పడిపోయింది. ఆ గుంటలో నీ చెప్పు ఎలా కూర్చుంది? ఆ గాలరీకి రూపమిచ్చిన మెంగోని 1877 డిసెంబరు చివర్లో పని చూసుకోవడానికి పైకెక్కి, అక్కణ్ణించే పడి చనిపోయాడు. నేనూ ఒకప్పుడు ఆ ఊరు వెళ్ళాను. అది తెలిశాక ఆ కప్పు కేసి తలెత్తితే నాకు కాళ్ళు వణికాయి. ప్రాడా మొదలైంది కూడా అక్కడే, 1913లో, తోలు సామాను అమ్మే కొట్టుగా. ఆ పేరు వెనక పెట్టెలు, సంచులు కుట్టిన చేతులున్నాయి.

అక్కడే ఉన్న లియొనార్డో డావిన్చి ‘చివరి విందు’ చిత్రం ముందు 15 నిమిషాలే ఉండనిస్తారు. నేను చాలాసేపు బల్ల మీద పరిచిన తెల్లగుడ్డనే చూశాను. మడత విప్పిన గీతలు, కొసల్లో నీలి నేత. లియొనార్డో అంతటివాడు గుడ్డను ఎంత శ్రద్ధగా చూశాడో!

ఇదంతా రాసి అప్పట్లో ఒక వారపత్రికకు పంపితే ఎడిటర్ గారు బట్టల భాగం మొత్తం కొట్టేశారు. ‘ఇవి ఆడవాళ్ళ పేజీకి పంపండమ్మా, యాత్రలో చరిత్ర ఉండాలి’ అన్నారు. మనిషి ఒంటి మీది బట్ట చరిత్ర కాదా? ముప్ఫయ్యేళ్ళయినా ఆ కోపం చల్లారలేదు. ఇప్పటివాళ్ళు హోటల్ ఖర్చెంత, టికెట్ ఎలా అని అడుగుతున్నారు. నీ వ్యాసం చివర ఖర్చుల పట్టిక చూశాను. తీసెయ్యి.

పుస్తకం వేయడానికి ఎంతవుతుందని అడిగావు. ఆ సంగతి తర్వాత. ముందు ఆ అద్దం దగ్గరికి మళ్ళీ వెళ్ళు. మీ ఆయన ఎంతసేపు వంగి ఉన్నాడు? లేచాక ఏమైనా మాట్లాడాడా? వాళ్ళమ్మ ఏ వెలుతురులో కూర్చుని కుట్టేది, దారం పళ్ళతో కొరికేదా, చీరకి ఎంత తీసుకునేది? అన్నీ అడిగి రాసుకో.

ఇంతకీ మీ అత్తగారు ఉన్నారా? ఉంటే ఆ కోటు ఫొటో ఆవిడకి చూపించు. ఏమందో నాకు రాయి.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ లాంటి మనిషి