కరెంటు బిల్లుతో మొదలుపెట్టండి

ప్రశ్న: విజయవాడ దగ్గర ఓ ఇంజినీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ విభాగం అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని. మాకు రీసెర్చ్ ప్రాజెక్టులు లేవు. పరిశ్రమలతో సంబంధాలు పెంచమని యాజమాన్యం అంటోంది. నాలుగు ఎంఓయూలు చేసుకున్నాం. ఏడాది దాటినా ఒక్కటీ కదల్లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: ఎంఓయూ మీద సంతకాలు పెట్టేది పెద్దలు, పని నడిపేది మెయింటెనెన్స్ చూసే మనిషి. ఆయనకు మీ పేరే తెలియనప్పుడు ఆ కాగితం ఫైల్లోనే ఉంటుంది. ముందు ఆయన్ని కలవండి, ఒప్పందం తర్వాత రాసుకోవచ్చు.

కొండపల్లి పారిశ్రామికవాడ, ఆటోనగర్, గుంటూరు చుట్టూ ఉన్న మిర్చి కోల్డ్ స్టోరేజీలు మీకు గంట ప్రయాణంలో ఉన్నాయి. చిన్న యూనిట్లలో సొంత ఎలక్ట్రికల్ ఇంజినీరు ఉండటం అరుదు. మీ విభాగం రేపే చేయగల సాయం ఒకటుంది: కరెంటు బిల్లు చదివి చెప్పడం. హెచ్‌టీ (హైటెన్షన్) కనెక్షన్ ఉన్న యజమానిని 12 నెలల బిల్లులు అడగండి.

మొదట డిమాండ్ చూడండి, అంటే యూనిట్ ఒకేసారి లాగే కరెంటు భారం. దీన్ని కేవీఏల్లో కొలుస్తారు. నెలలో నమోదైన గరిష్ఠ డిమాండ్, కాంట్రాక్ట్ డిమాండ్‌లో (కనెక్షన్ ఒప్పందంలో రాసుకున్న పరిమితిలో) 80 శాతం, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దాని మీద ఛార్జీ పడుతుంది. 200 కేవీఏ తీసుకుని ఏడాదంతా 120 దాటనివాళ్లు 160కి కడుతున్నారన్నమాట. అలాగని వెంటనే తగ్గించమని చెప్పకండి. కొత్త మెషీన్ వచ్చే ఆలోచన ఉందేమో అడగండి. మళ్లీ పెంచుకోవాలంటే డెవలప్‌మెంట్ ఛార్జీలు కట్టాలి.

తర్వాత పవర్ ఫ్యాక్టర్, అంటే లాగిన కరెంటులో నిజంగా పనికొచ్చే వంతు. హెచ్‌టీ బిల్లులో వాడకాన్ని పనికొచ్చిన కిలోవాట్ అవర్లలో కాక, మొత్తం లాగినదాన్ని చూపే కేవీఏహెచ్‌లో లెక్కిస్తారు. కాబట్టి 0.85 దగ్గర 1000 కిలోవాట్ అవర్ల వాడకానికి 1176 యూనిట్లు పడతాయి. 0.98కి తెస్తే 1020. చాలాచోట్ల కారణం చిన్నదే: పవర్ ఫ్యాక్టర్ పెంచే కెపాసిటర్ ఫ్యూజు పోయి ఉంటుంది, లేదా కెపాసిటరే నీరసించి ఉంటుంది. తీగ చుట్టూ పట్టి కరెంటు కొలిచే క్లాంప్ మీటర్‌తో తేల్చేయొచ్చు. 440 వోల్టుల రేటింగున్న 25 కేవీఏఆర్ (కెపాసిటర్ సామర్థ్యపు కొలత) కెపాసిటర్ 415 వోల్టుల దగ్గర ఫేజుకు సుమారు 31 ఆంపియర్లు తీసుకోవాలి. 20 దగ్గరే ఆగితే మార్చాల్సిందే. ప్యానెల్ తెరిచేది మాత్రం వాళ్ల ఎలక్ట్రీషియనే. విద్యార్థులు చేయి పెట్టకూడదు. కోల్డ్ స్టోరేజీల్లో అమోనియా ప్లాంట్లు ఉంటాయి, ఆపరేటర్ తోడు లేకుండా ఎవర్నీ లోపలికి పంపకండి.

వారంలోగా రెండు పేజీల నోట్ తెలుగులో ఇవ్వండి: ఏం మార్చాలి, ఎంత ఖర్చవుతుంది, ఎన్ని నెలల్లో తిరిగొస్తుంది. మొదటిసారి ఫీజు వద్దు. రెండోసారి పిలిస్తే కాలేజీ ఖాతాకే బిల్లు వేయండి, 18 శాతం జీఎస్టీ కలిపి. అందులో మీ వాటా ఎంతో యాజమాన్యంతో ముందే రాయించుకోండి. ఈ విషయం దగ్గరే చాలామంది మధ్యలో వదిలేస్తారు.

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మిర్చి టిక్కీలు (బస్తాలు) దిగే రోజుల్లో వెళితే కూర్చోబెట్టి మాట్లాడే తీరిక ఎవరికీ ఉండదు. జూన్ తర్వాత వెళ్లండి. తొలి పరిచయంలోనే 40 మందితో ఇండస్ట్రియల్ విజిట్ అడగకండి, అది వాళ్లకు ఒక రోజు పని నష్టం. ఇంకో మాట, ఒకరి బిల్లు అంకెలు పక్క యజమానికి చూపించారంటే ఆ వీధిలో మిమ్మల్ని మళ్లీ నమ్మరు.

ప్రశ్న: ఇంటర్న్‌షిప్‌కు కంపెనీలు సర్టిఫికెట్ ఇచ్చి పంపేస్తున్నాయి, పని నేర్పడం లేదు. ఏం చేయాలి?

జవాబు: ఎండాకాలంలో ఒక్కో యూనిట్‌కు పది కాలేజీల నుంచి ఉత్తరాలు వస్తే వాళ్లు మాత్రం ఏం చేస్తారు? ఒక్కోచోటికి ఇద్దరినే పంపండి. చేతిలో ఒక పేజీ పని కాగితం పెట్టండి: మోటార్ల జాబితా, ఒక్కోదాని కిలోవాట్లు, నడిచే గంటలు, గ్రీజు వేసిన తేదీ. ఈ జాబితా యజమానికీ అక్కరకొస్తుంది. వారానికోసారి మీరే వెళ్లి సూపర్‌వైజర్‌తో పావుగంట మాట్లాడండి. ఆ పావుగంటను మరో కాలేజీ పనికో మీటింగుకో వదులుకోవద్దు, సంబంధం పెరిగేది అక్కడే.

ప్రశ్న: పరిశ్రమవాళ్లను క్లాసుకు రప్పించడానికి నిబంధనలు ఒప్పుకుంటాయా?

జవాబు: ఒప్పుకుంటాయి. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2022లో తెచ్చిన ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్ మార్గదర్శకాల ప్రకారం కనీసం 15 ఏళ్ల అనుభవం ఉన్న నిపుణులను పీహెచ్‌డీ లేకున్నా తీసుకోవచ్చు. మంజూరైన పోస్టుల్లో 10 శాతం మించకూడదు. అటానమస్ కాలేజీ అయితే సిలబస్ ఖరారు చేసే బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో పరిశ్రమ ప్రతినిధి ఎలాగూ ఉంటారు. ఆయనకు సిలబస్ ముసాయిదా సమావేశం రోజున కాక పది రోజుల ముందే పంపండి. ఏ ప్రయోగం తీసేయొచ్చో, దాని బదులు ఏది పెట్టాలో రాసిమ్మని అడగండి.