మోటారు ఆపొద్దండీ, నేను ఆపి చూశాను

మీరు రాసింది రెండుసార్లు చదివాను. పదహారేళ్ళ పాప, రోజుకు నాలుగు గంటలు బాత్రూంలోనే ఉంటోంది, ఓసీడీ (వద్దన్నా తిరిగొచ్చే ఆలోచనలు, ఆపుకోలేక మళ్ళీ మళ్ళీ చేసే పనుల జబ్బు) తీవ్రంగా ఉందన్నారు డాక్టరు, కాలేజీ మానేసి రెండు నెలలు. చిన్నపాప స్కూలు పుస్తకాలు కూడా తడిగుడ్డతో తుడిచేస్తోందన్నారు. మీ తమ్ముడేమో "మోటారు ఆపేయండి, నీళ్ళు లేకపోతే అదే దారికొస్తుంది" అంటున్నాడు, ఆపేయమంటారా అని అడిగారు. వద్దండీ.

నాకు తెనాలి దగ్గర బైక్ మెకానిక్ షెడ్డు ఉంది. మావాడు ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉండగా నా చేతులే వాడికి శత్రువులయ్యాయి. మొదట్లో షెడ్డు నుంచి రాగానే కాళ్ళూ చేతులూ కడుక్కోమనేవాడు. న్యాయమే కదా అనుకున్నాను. తర్వాత పెరటి గుమ్మంలోంచే రావాలన్నాడు. ఆ తర్వాత బట్టలు అక్కడే విప్పి, తలస్నానం చేసి, వాడు తీసిపెట్టిన లుంగీ కట్టుకుంటేనే లోపలికి. నా కంచం వేరు, నా కుర్చీ వేరు. మొత్తం ఎనిమిది నెలలు నా కొడుకు ఒంటి మీద చెయ్యి వెయ్యలేదు నేను.

వాళ్ళమ్మది ఇంకో డ్యూటీ. "అమ్మా, నాన్న గొళ్ళెం ముట్టుకున్నాడా?" "లేదురా." "నిజంగా?" "నిజంగా లేదురా." "ఒట్టు?" ఒకరోజు లెక్కపెట్టింది. సాయంత్రానికి డెబ్భై దాటాయట.

మా అమ్మ దీన్ని చాదస్తం అంది. కార్తీకమాసంలో తడిబట్టతో వంట చేసే మనిషి ఆవిడ, మనవడికి తన పోలికే వచ్చిందని మొదట్లో మురిసిపోయింది కూడా. తేడా నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. అమ్మ మడి దేవుడికి నైవేద్యం అయ్యాక ముగుస్తుంది, హాయిగా అన్నం తిని పడుకుంటుంది. వీడిది ముగియదు. కడిగిన చేతిని మళ్ళీ ఎందుకు కడుగుతున్నాడో వాడికీ తెలుసు, అర్థం లేదనీ తెలుసు, అయినా ఆగలేడు. ఏడుస్తూ కడిగేవాడు.

తాయెత్తు కట్టించాం. దిష్టి తీయించాం. ఒక కౌన్సెలర్ చేతికి రబ్బరు బ్యాండు వేసుకుని, ఆలోచన వచ్చినప్పుడల్లా లాగి వదలమన్నారు. మణికట్టు వాచింది తప్ప ఏమీ తగ్గలేదు. ఆ వివరాలు వదిలేస్తున్నాను, మీరూ ఇవన్నీ దాటే వచ్చుంటారు.

ఇక మోటారు సంగతి. ఆ రాత్రి వాడు బాత్రూంలోకి వెళ్ళి మూడో గంట నడుస్తోంది. ట్యాంకు ఒకసారి ఖాళీ అయి మళ్ళీ నిండింది. నాకు ఒళ్ళు మండిపోయి ఫ్యూజు పీకేసి జేబులో వేసుకున్నాను. కాసేపటికి లోపలి కుళాయి ఆగిపోయింది. వాడు బయటికొచ్చి తాగేనీళ్ళ క్యాన్లు రెండూ తీసుకెళ్ళి గడియ పెట్టుకున్నాడు. అవీ అయిపోయాక పొడి సర్ఫు, గిన్నెలు తోమే పీచు. గడియ విరగ్గొట్టి లోపలికి వెళ్ళేసరికి రెండు చేతులూ నెత్తురు. వాడు నన్ను తిట్టలేదు. "నాన్నా, ఇప్పుడు మొదట్నుంచి చెయ్యాలి" అన్నాడు. అంతే. ఆ ఫ్యూజు ఇప్పటికీ నా టూల్‌బాక్సులో ఉంది, మళ్ళీ వాడబుద్ధి కాలేదు.

మర్నాడే గుంటూరులో సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్ళాం. ప్రశ్నలడిగి స్కోరు వేశారు, 40కి 31, ఎంత ఎక్కువైతే జబ్బు అంత ముదిరినట్టు. వాణ్ణి ఒంటరిగా కూర్చోబెట్టి అరగంట మాట్లాడారు. అప్పుడు బయటపడింది అసలు సంగతి. మురికి ఒక్కటే కాదు, పూజగదిలో దేవుడి గురించి చెడ్డ ఆలోచనలు వస్తున్నాయట, వాటికి ప్రాయశ్చిత్తంగా మనసులో నూటెనిమిదిసార్లు క్షమాపణ చెప్పుకుంటున్నాడట. మా ముందు చచ్చినా చెప్పేవాడు కాదు. మీ పాపను కూడా డాక్టరుతో ఒంటరిగా మాట్లాడనివ్వండి. గదిలో మీరుంటే సగం లోపలే ఉండిపోతుంది.

ఆయన మాకు చెప్పినదాంట్లో నన్ను కుదిపేసింది ఒకటే. మేం చేసే సేవంతా, ఆ లుంగీ, పెరటి దారి, డెబ్భై "లేదురా"లు, రోగానికి మేత. ఒక్కో జవాబుకు వాడికి రెండు నిమిషాలు ఊరట, ఆ ఊరట కోసమే మళ్ళీ ప్రశ్న. అయితే మేత ఒక్కసారిగా ఆపినా ప్రమాదమే, నేను ఫ్యూజు పీకి చేసింది అదే. వాడికి చెప్పి, వాడు ఒప్పుకుని, కొంచెం కొంచెంగా తగ్గించుకోవాలి.

మీ తమ్ముడి ఆలోచన మరీ గాల్లోంచి పుట్టింది కాదని కూడా చెప్పాలి. విక్టర్ మేయర్ అనే సైకాలజిస్టు లండన్ ఆసుపత్రిలో ఇలాంటి జబ్బున్న ఒకావిడ గదిలో కుళాయికి నిజంగానే నీళ్ళు రాకుండా ఆపించాడట, 1966లో ఆ సంగతి రాశాడట. మా థెరపిస్టు చెబితే నేను ఆశ్చర్యపోయాను. కానీ అక్కడ నర్సులు ఎప్పుడూ ఆమె పక్కనే ఉన్నారు, భయపడే వస్తువులను ఓపిగ్గా ముట్టించారు. ఆ దారిలో పెరిగిన వైద్యమే ఇవాళ ఈఆర్‌పీ, అంటే ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్, భయపడేదాన్ని కావాలనే ఎదుర్కొని, కడుక్కోకుండా ఆగడం. ఇప్పుడు కుళాయి ఎవరూ కట్టెయ్యరు. కట్టేసుకునేది పిల్లలే, తమ చేత్తో.

మావాడు ఒక కాగితం మీద భయాలకు నూటికి మార్కులు వేశాడు. షెడ్డు తాళంచెవి టేబుల్ మీద ఉంటే చూడటం, 20. దాన్ని చూపుడువేలితో తాకి పది నిమిషాలు కడుక్కోకుండా ఉండటం, 40. నా పని చొక్కా ఒళ్ళో పెట్టుకోవడం, 70. నేను చేతులు తుడుచుకున్న బనీను వేస్టు పట్టుకుని, ఆ చేత్తోనే తన దిండూ పుస్తకాలూ ముట్టుకోవడం, 100. థెరపిస్టు హైదరాబాదు నుంచి వారానికోసారి వీడియోలో. మిగతా ఆరు రోజులూ మేమే. తాళంచెవి తాకిన మొదటిరోజు వాడు చలిజ్వరం వచ్చినట్టు వణికాడు. వాళ్ళమ్మ వంటింట్లోకి పారిపోయింది. నేను ఏమీ మాట్లాడకుండా పక్కన కూర్చున్నాను, అదే నాకప్పగించిన పని. ఇరవై అయిదు నిమిషాలకు వణుకు తగ్గింది. ఏ నీళ్ళూ లేకుండా తగ్గింది. వాడే ఆశ్చర్యపోయాడు.

ప్రశ్నల సంగతి వాడే తేల్చాడు. రోగానికి ఇన్విజిలేటర్ అని పేరు పెట్టాడు, పరీక్ష హాల్లో తల మీద నిలబడతాడు కదా. "ఇది నువ్వడుగుతున్నావా, ఇన్విజిలేటర్ అడుగుతున్నాడా?" అని వాళ్ళమ్మ అడిగేది. ఇన్విజిలేటర్ అంటే జవాబు లేదు. మొదటి వారం అరుపులు, ఒక స్టీలు గ్లాసు గోడకేసి కొట్టడం, అన్నీ అయ్యాయి. ముందు తగ్గదు, పెరుగుతుంది. ఎవరో ఒకరు జాలిపడి ఒక్కసారి "లేదురా" అన్నారో, మళ్ళీ మొదటికి. మా అమ్మే రెండుసార్లు అనేసింది.

మందు కూడా పడింది, సెర్ట్రలిన్. పిల్లల ఓసీడీకి మందూ ఈ థెరపీ కలిపి ఇస్తే ఏ ఒక్కటి ఇచ్చినదానికన్నా మెరుగని అమెరికాలో 112 మంది పిల్లల మీద చేసిన అధ్యయనం 2004లో వచ్చిందట. గుణం కనిపించడానికి రెండు మూడు నెలలు పట్టొచ్చని ముందే చెప్పారు, లేకపోతే నెలకే మానిపించేవాణ్ణి. మీ పాపకూ ఈ మందు ఇస్తే, మొదటి వారాల్లో మరీ చిరాగ్గా, నిద్రపట్టకుండా ఉన్నా, చచ్చిపోవాలన్న మాట అన్నా ఆ రోజే డాక్టరుకు చెప్పండి. మీ అంతట మీరు మాత్రం ఆపకండి. ఇలా ఇంట్లో ఉండి చేసే థెరపీతో కుదరకపోతే బెంగళూరులో నిమ్హాన్స్ అనే పెద్ద మానసిక వైద్య ఆసుపత్రికి వెళ్ళమన్నారు, అక్కడ ఓసీడీకి ప్రత్యేకంగా క్లినిక్ ఉంది. మాకు అంతదూరం అవసరం పడలేదు. అర్ధరాత్రి ఏం చెయ్యాలో తోచకపోతే 14416కి ఫోన్ చేయండి, టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, డబ్బులేమీ తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు. మా ఆవిడ ఒకసారి చేసింది, వాడి కోసం కాదు, తన కోసం.

వాడు ఇంటర్ ఒక ఏడాది ఆలస్యంగా పూర్తిచేసి ఇప్పుడు డిగ్రీ చదువుతున్నాడు. పోయినసారి స్కోరు 14. పరీక్షలొస్తే ఇన్విజిలేటర్ మళ్ళీ దిగుతాడు, నాలుగైదు రోజులుండి పోతాడు. ఓ ఆదివారం షెడ్డుకొచ్చి నేను అడక్కుండానే 12-13 పానా అందించాడు. అందించి వెళ్ళి చేతులు కడుక్కున్నాడనుకోండి. నేనూ కడుక్కుంటాను. సబ్బుతో, ఒకసారి.

ఈ గొడవలో మేం మర్చిపోయింది మా అమ్మాయిని. ఆ రెండేళ్ళలో దానికి ఏ సబ్జెక్టులో ఎన్ని మార్కులొచ్చాయో నాకు గుర్తులేదు. కాబట్టి ఈ రాత్రికి మోటారు ఆన్‌లోనే ఉండనివ్వండి. మీ తమ్ముడికి ఏదో ఒకటి చెయ్యాలని ఉంటే, రేపు సాయంత్రం చిన్నపాపను ఐస్‌క్రీముకు తీసుకెళ్ళమనండి.