ఆఫ్రికాలో పిల్లల ఆశ్రమంలో రోజు ఎలా గడుస్తుంది? రెండు వారాలకి వెళ్లొచ్చా?

అకౌంట్స్‌లో పనిచేస్తున్నాను, రెండు వారాలు సెలవు పెట్టి ఆఫ్రికాలో ఏదైనా పిల్లల ఆశ్రమంలో వాలంటీర్‌గా చేయాలనుంది, అక్కడ రోజంతా ఏం చేస్తారు అని అడిగారు. మావారి ఉద్యోగం వల్ల కొన్నేళ్లు నైరోబీలో ఉన్నాం. అప్పుడు థీకా వైపున్న ఒక ఆశ్రమానికి శనివారాలు వెళ్లేదాన్ని. కాబట్టి కెన్యా సంగతే చెప్పగలను.

అక్కడ చీకటితోనే తెల్లారుతుంది. పెద్ద పిల్లలు పసుపు జెర్రీకాన్లతో నీళ్లు మోస్తారు. తర్వాత తలో కప్పు ఊజీ, అంటే మన జావే. మధ్యాహ్నం మొక్కజొన్న గింజలు, బీన్స్ కలిపి ఉడికించిన గిథేరి. రాత్రికి ఉగాలి, అంటే మొక్కజొన్న పిండితో చేసే గట్టి ముద్ద, దాంతో సుకుమా వీకీ ఆకుకూర. ఎవరి యూనిఫాం వాళ్లే ఉతుక్కోవాలి, ఆరేళ్ల పిల్లలైనా సరే.

చపాతీ చేసిన రోజు మాత్రం పండగే. మనవాళ్ల ద్వారా అక్కడికి చేరిన వంట అది, కానీ వాళ్ల పద్ధతి వేరు. నూనె రాసి, చుట్ట చుట్టి, మళ్లీ వత్తి పొరలు పొరలుగా కాలుస్తారు. నేను పుల్కాలా పల్చగా చేస్తానంటే వంట చేసే మామా (అక్కడ పెద్దావిడల్ని అలా పిలుస్తారు) ససేమిరా అంది. ఒక బాబు ఆ పొరలన్నీ విడదీసి, కంచం అంచున వరసగా పెట్టుకుని, ఒక్కొక్కటే తినేవాడు, త్వరగా అయిపోకూడదని.

ఇక మీ రెండు వారాల సంగతి. మీరు గేటు దాటగానే చిన్నపిల్లలు వచ్చి చేతులు పట్టుకుంటారు, ఒళ్లో కూర్చుంటారు. మనకి ప్రాణం లేచొస్తుంది. కానీ కొత్తవాళ్లు వస్తూ పోతూ ఉండటం వాళ్లకి అలవాటైపోయింది కాబట్టే అలా చేస్తారు. ఒకసారి విదేశీ విద్యార్థుల బృందం వెళ్లిపోయాక, వాళ్లకి బాగా చేరికైన ఒక పాప అన్నం దగ్గర కూర్చునేది కాదు. ఎవరు పిలిచినా ఏడుపే. సముదాయించాల్సింది మాత్రం పిల్లల్ని చూసుకునే అక్కడి మామాలే. అది చూశాక ఎవరికీ "వెళ్లి పిల్లలతో ఆడుకోండి" అని చెప్పలేను.

ఇంకో విషయం. అక్కడి పిల్లల్లో చాలామందికి అమ్మో, అమ్మమ్మో ఉన్నారు. ఫీజు కట్టలేక, తిండి పెట్టలేక వదిలి వెళ్లినవాళ్లే. ఆగస్టు, డిసెంబర్ సెలవుల్లో షోషో, అంటే అమ్మమ్మ, ఇంటికి వెళ్లొచ్చేవాళ్లు. కెన్యా ప్రభుత్వం కూడా 2017లో కొత్త ఆశ్రమాల రిజిస్ట్రేషన్ ఆపేసింది. పిల్లల్ని మెల్లగా కుటుంబాల్లోకి చేర్చాలని 2022లో పదేళ్ల ప్రణాళిక ప్రకటించింది. నాకైతే అదే సరైన దారి అనిపిస్తుంది.

అయినా వెళ్తానంటే ముందు ఫోన్ చేసి మూడు అడగండి. సోషల్ వర్కర్ ఉన్నారా? గత ఏడాది ఎంతమంది ఇళ్లకి చేరారు? నా పోలీస్ సర్టిఫికెట్ ఎప్పుడు పంపాలి? ఏ కాగితాలూ అక్కర్లేదు, వచ్చేయండి అంటే అటు వెళ్లొద్దు. టూరిస్టుగా దిగి పని చేయడం కుదరదు, ఇమిగ్రేషన్ అనుమతి విషయం కూడా వాళ్లనే అడగండి. పిల్లల ఫొటోలు ఫేస్‌బుక్‌లో పెట్టకండి. అకౌంట్స్‌లో పనిచేస్తున్నానన్నారు కదా, ఆ పనే ఇవ్వమనండి: ఫీజు రసీదులు, స్టోర్ లెక్కలు, పిల్లల్ని ఊళ్లకి పంపే బస్సు చార్జీలు. మేమున్న చోట ఆ పుస్తకాలు రాసే మనిషి ఎప్పుడూ కొరతే.