దొర వచ్చాడా, వచ్చిందా?

సందేహం: తిరుపతి గంగజాతర కథ ఆధారంగా ఉత్కంఠ రేపే భయానక నవల రాస్తున్నాను. ఆ కథలో గంగమ్మ చేతిలో చచ్చిన దుర్మార్గపు స్థానిక పాలకుడు, పాలెగాడు, ఈ కాలంలో మళ్లీ పుడతాడు. గంగమ్మ అతణ్ని వెతుక్కుంటూ దొర వేషంలో వస్తుంది. అక్కడ ‘దొర వచ్చాడు’ అని రాశాను. వచ్చినది అమ్మవారు కనుక ‘వచ్చింది’ అనాలని మిత్రుడు దిద్దాడు. ఏది సరి?
– ఒక పాఠకుడు, తిరుపతి

సమాధానం: మీరు రాసిందే సరి. తెలుగులో క్రియ కర్తగా ఉన్న పదాన్ని అనుసరిస్తుంది, ఆ పదం చాటున ఉన్నదెవరని చూడదు. ‘దొర’ పురుషవాచకం, స్త్రీకి ‘దొరసాని’ వేరే ఉంది. తిరుమల బ్రహ్మోత్సవాల్లో ఐదో రోజు ఉదయం ‘మోహినీ అవతారంలో స్వామి వచ్చాడు’ అంటాం. భాగవత కథ చెప్పేటప్పుడు అసురుల ముందుకు ‘మోహిని వచ్చింది’ అంటాం. వచ్చినవాడు ఒక్కడే, పదం మారింది, దానితో క్రియా మారింది. పైగా మీ ఘట్టం పాలెగాడి కళ్లతో సాగుతోంది. ‘దొర వచ్చింది’ అంటే గుట్టంతా అక్కడే రట్టవుతుంది.

అయితే మీ మిత్రుడు పట్టుకున్న ‘వచ్చింది’ని వదులుకోకండి. భయం పుట్టించడానికి అంత చక్కని క్రియ దొరకదు. చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) స్త్రీలు, పశుపక్ష్యాదులు, జడపదార్థాలు – ఈ మూడూ కానివాటిని మహత్తులంది, ఈ మూడింటినీ ఒక గాటన కట్టింది. అందుకే ఏకవచనంలో ఆడమనిషికీ, పిల్లికీ, గాలికీ క్రియ ఒకటే. ‘మెట్లెక్కి వచ్చింది. తలుపు ముందు ఆగింది.’ కర్త లేని ఈ వాక్యాల్లో వచ్చినది మనిషో కాదో పాఠకుడికి అంతుపట్టదు. ‘ఆమె’ అన్నారా, సగం భయం ఎగిరిపోతుంది. లోపలివాడి చేత ‘ఎవరది?’ అనిపించండి. ‘ఎవరు’ మనుషుల గురించి అడిగే మాట, ‘అది’ మనిషికీ వస్తువుకీ చెల్లే మాట. రెంటినీ కలిపి రోజూ అడుగుతూనే ఉంటాం!

గుట్టు విప్పే చోట కూడా వివరణ అక్కర్లేదు. ‘దొర తలపాగా తీశాడు. జుట్టు విరబోసుకుంది.’ క్రియ మారిన చోటే అమ్మవారు బయటపడుతుంది. దిద్దేవారు దీన్ని తప్పనుకుని సరిచేస్తారేమో, ముందే చెప్పి ఉంచండి. ఆ తరువాత ‘అమ్మవారు వచ్చారు’ అన్నా తప్పు కాదు గానీ, జాతరలో నోరారా పలికే ‘అమ్మ వచ్చింది’లోని చనువు, జంకు ఆ గౌరవ బహువచనంలో ఉండవు. నేనైతే ఏకవచనమే ఉంచుతాను.

అసలైన బహువచనంలో మాత్రం ఈ వెసులుబాటు లేదు. అక్కడ స్త్రీలు కూడా పురుషులతో చేరి ‘వచ్చారు’ అవుతారు, తక్కినవన్నీ ‘వచ్చాయి’. అమ్మవారి వెంట పరివారాన్ని కూడా రప్పించేటట్లయితే, వాళ్లు మనుషులో కాదో మొదటి వాక్యంలోనే తేల్చవలసి వస్తుంది.