కాలువ గట్టు మీద కుక్కను నడిపించడానికి ఏ లీష్ మంచిది?

కోనసీమలో కాలువ గట్టు మీద నడిపిస్తుంటే, బాతుల మంద కనబడగానే లాగేసే కుక్కకు ఏ లీష్ కొనాలన్నది ప్రశ్న. రోజువారీ నడకకు సుమారు 6 అడుగుల నైలాన్ లీష్ చాలు. అంతకన్నా పొడవైతే ఇరుకు గట్టు మీద కుక్క నీటి అంచుకు చేరేదాకా మనకు పట్టు దొరకదు. తోలుది చేతికి హాయిగా ఉంటుంది గానీ మన వానలకు త్వరగా పాడవుతుంది. దానంతట అదే సాగి చుట్టుకునే లీష్‌ను నేను సూచించను, ఎందుకంటే లాగితే దారి దొరుకుతుందని కుక్కకు అదే నేర్పుతుంది.

పిలిస్తే వచ్చేలా నేర్పడానికి మాత్రం 15 నుంచి 30 అడుగుల తాడు కావాలి. కొబ్బరితోటలో చెట్లకు చుట్టుకుంటుంది కనుక కోతలైన చేలో వాడండి. దానిని మెడపట్టీకి కాక ఛాతీకి తొడిగే హార్నెస్‌కే తగిలించాలి. లేకుంటే పరుగు ఆగినప్పటి కుదుపంతా మెడ మీదే పడుతుంది.

కుక్క లాగినప్పుడల్లా కదలకుండా నిలబడి, లీష్ వదులైన క్షణంలోనే అడుగు వేయండి. వెనక్కి గుంజితే భయమే పెరుగుతుంది. లీష్‌ను వేళ్లకు ఎన్నడూ చుట్టుకోవద్దు. సముద్రానికి దగ్గరి ఊళ్లలో ఉప్పుగాలికి కొక్కెం తుప్పు పడుతుంది కాబట్టి తరచూ చూసుకోండి.